గుండీ పళ్లు

"అమ్మ ఒప్పుకుంది!" అని మా ఆయన ఫోనులో అరిచేసరికి నేను కళ్లద్దాల దుకాణంలో ఒక పెద్దాయనకు చూపు పరీక్ష చేస్తున్నాను. ఆయన గోడ మీది అక్షరాల్లో చివరి వరుస దగ్గర ఆగిపోయి, ఒక కన్ను మూసుకుని, మెడ సాచి నానా తంటాలూ పడుతున్నాడు. సరిగ్గా అప్పుడే నేను పకపకా నవ్వేశాను.

"నవ్వకమ్మా. నీకూ వస్తుంది అరవయ్యేళ్ల వయసు" అన్నాడాయన చిన్నబుచ్చుకుని.

"అయ్యో, మిమ్మల్ని చూసి కాదండీ. మా ఇంటికి కుక్కపిల్ల వస్తోంది!"

"ఓహో. దానికీ అద్దాలు పెడతావా ఏంటి?" అని ఆయనా నవ్వాడు.

పెళ్లయ్యాక వచ్చిన మొదటి ఎండాకాలం అది. ఆ రోజుల్లో నాకు ప్రతిదీ ముద్దొచ్చేది. కర్రల అడితి నుంచి వచ్చిన మా ఆయన జుట్టులోంచి రాలే రంపపు పొట్టు, ఒకే గ్లాసులో ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డ మా ఇద్దరి బ్రష్షులు, చివరికి తెల్లవారకుండానే మొదలయ్యే అత్తయ్య కుట్టుమిషను చప్పుడు కూడా. ఇంటికి కావలసినవన్నీ ఉన్నాయి, ఒక్క కుక్కపిల్ల తప్ప అని నేను రోజూ పాట పాడేదాన్ని. అడితిలో ఒక కుక్క ఈని, పిల్లల్ని వదిలేసి ఎటో పోయింది. మిగిలిన పిల్లల్ని తలా ఒకరూ తీసుకుపోగా, ఆఖరిది మా ఆయన భోజనం సంచీలో పడుకుని మా ఇంటికి వచ్చింది.

అత్తయ్య మిషను ఆపి, ముక్కు మీదికి జారిన అద్దాల పైనుంచి చూసింది. "ఏంట్రా ఇది? కుక్కపిల్లా, ఊడిపోయిన గుండీనా?"

దాని పేరు అలా కుదిరింది.

"ముందే చెబుతున్నా. నేను దాన్ని ముట్టను. దాని గిన్నె కడగను. ఈ యూనిఫారాల మీద ఒక్క వెంట్రుక పడ్డా స్కూలు వాళ్లు నా నెత్తినెక్కుతారు. విన్నావా అమ్మాయ్?"

"విన్నాను అత్తయ్యా."

"నువ్వు కాదు, అది వినాలి."

ఆవిడకు ఆ రోజుల్లో ఊపిరి పీల్చుకునే తీరిక ఉండేది కాదు. బడులు తెరిచేలోగా రెండు స్కూళ్ల యూనిఫారాలు కుట్టివ్వాలి. నేలంతా నీలం గుడ్డ, గోడవారన కాలర్ల దొంతరలు. సూదుల దెబ్బలకు ఆవిడ వేళ్ల చివర ఎప్పుడూ ఏదో ఒక పీలిక చుట్టి ఉండేది.

*

పశువుల ఆసుపత్రిలో డాక్టరమ్మ గుండీని బల్ల మీద నిలబెట్టి, చెవులు చూసి, పొట్ట నొక్కి, పెదవి ఎత్తి పళ్లు చూసింది. ఎడమ చెవి వెనక మానిపోతున్న చిన్న గీత ఉంటే ఏమిటని అడిగింది. "తోబుట్టువులతో కుస్తీ పట్టి ఉంటుంది" అన్నాడు మా ఆయన. ఆవిడ నవ్వి, మందులు రాసి, పిచ్చి కుక్క వ్యాధికి టీకా వేయాల్సిన వయసు ఇంకా రాలేదనీ, వచ్చే నెల తీసుకురమ్మనీ చెప్పింది.

"పళ్లు తోమడం మాత్రం ఇప్పట్నుంచే అలవాటు చేయండి. పెద్దయ్యాక మొదలుపెడితే మీ వేళ్లు మీకు మిగలవు."

"కుక్కలకు కూడా తోమాలా అండీ?" అన్నాడు మా ఆయన.

"చిగుళ్లు పాడైతే అవి చెప్పుకోలేవు కదా. తొందరపడొద్దు. మొదట ఊరికే పెదవి ఎత్తి వదిలేయండి. తర్వాత వేలితో చిగురు మీద ఒకసారి రాయండి. ఇంకాసేపు చేస్తే బాగుండు అని దానికి అనిపిస్తుండగానే ఆపేయాలి. మన పేస్టు వద్దు, ఉమ్మేయడం దానికి రాదు."

ఆ మాట నాకు ఎంత నచ్చిందో! ఇంకాసేపు అనిపిస్తుండగానే ఆపేయాలట. దారి పొడుగునా మా ఆయనకు అదే చెబుతూ వచ్చాను. "అయితే నీ మాటలకూ అదే పద్ధతి పెట్టుకోరాదూ?" అన్నాడు.

ఇక మొదలైంది మా ఇంట్లో రోజూ సాయంత్రం వినోదం. మా ఆయన వసారా మెట్టు మీద కూర్చుని గుండీని ఒళ్లో పెట్టుకునేవాడు. నేను వేలికి రబ్బరు బ్రష్షు తొడుక్కుని, మాంసం వాసన కొట్టే కుక్కల పేస్టు బఠాణీ గింజంత రాసుకుని, దొంగలా సమీపించేదాన్ని. అది పేస్టు నాకేసి, బ్రష్షు లాగేసి, మా ఆయన చొక్కా గుండీ కొరికేసేది. వాటివి పాలపళ్లు అంటారు గానీ, సూదిమొనలే. లోపల మిషను ఆగేది.

"పళ్లు తోముకోకుండా టీ తాగే మొగుణ్ణి వదిలేసి కుక్కకు తోముతోంది!"

"అమ్మా, నేను తోముకున్నాను!"

"ఎప్పుడురా? పెళ్లినాడా?"

"రేపు దీనికి సంబంధాలు చూడాలి కదా అత్తయ్యా. నవ్వితే పళ్లు మెరవద్దూ?" అనేదాన్ని నేను.

"జడ కూడా వెయ్యి. ముచ్చట తీరుతుంది."

వారం తిరిగేసరికి గుండీలో మార్పు వచ్చింది. నేను వేలు చూపిస్తే చాలు, వచ్చి ఎదురుగా కూర్చుని, తల పక్కకు వంచి, తనే పెదవి ఒదులుగా పెట్టేది. వెనక దవడ పళ్ల దాకా వేలు పోనిచ్చేది. అంత తొందరగా లొంగుతుందని డాక్టరమ్మ కూడా చెప్పలేదు. నాకు గర్వం పట్టలేదు. మా దుకాణానికి వచ్చిన వాళ్లందరికీ చెప్పాను. ఇంటికొచ్చి, "చూశారా అత్తయ్యా, నా చేతివాసి!" అన్నాను. కాజాలు కుడుతున్న అత్తయ్య తల ఎత్తలేదు. ఎదురు మాట అనని అత్తయ్యను నేను అప్పటిదాకా చూడలేదు. దారం తెగి చిరాకులో ఉందేమో అనుకున్నాను.

*

ఎండలు ముదిరిన ఒక రోజు గుండీ మంచం కిందికి పోయి బయటికి రాలేదు. పాలు పెడితే మూతి ముంచి, మింగకుండా అలాగే చూస్తూ నిలబడింది. గిన్నె నిండా నురగ.

"చొంగ చూడు ఎలా కారుతోందో. పళ్లొస్తున్నట్టున్నాయి" అన్నాడు మా ఆయన.

నాకూ అలాగే తోచింది. మరునాడు కూడా తేడా కనిపించకపోతే, సాయంత్రం దుకాణం నుంచి వచ్చి గుడ్డను చన్నీళ్లలో తడిపి చిగుళ్ల మీద అద్దాను. ఎప్పటిలా నా వేలిని నాలుకతో తోయలేదు. కళ్లు నా వైపే ఉన్నాయి గానీ నన్ను చూడటం లేదు. "ఎండదెబ్బ కూడా తగిలిందేమో" అని తడిగుడ్డ కప్పాను. అత్తయ్య వంటగది గుమ్మంలో నిలబడి చూస్తోంది. "నీళ్లన్నా తాగిందా?" అని అడిగింది. దాని గురించి ఆవిడ ఏదైనా అడగడం అదే మొదటిసారి.

తెల్లారి లేచేసరికి గుండీ దవడ వేలాడుతోంది. నాలుక ఒక పక్కకు జారి, కొనకు మట్టి అంటుకుని ఉంది. నన్ను చూసి మొరగబోయింది. గొంతులోంచి ఎవరిదో ముసలివాళ్ల దగ్గులాంటి చప్పుడు వచ్చింది.

మా ఆయన టార్చిలైటు తెచ్చాడు. "చెక్కపేడు ఏదైనా గొంతులో ఇరుక్కుందేమో చూద్దాం, తల పట్టుకో." ఇద్దరం కలిసి దాని నోట్లోకి తొంగిచూశాం. అతను వేలు పెట్టి నాలుక కింద తడిమాడు. ఏమీ లేదు.

"దాని దవడ... దవడ ఏమైందిరా?" అంది అత్తయ్య వెనకనుంచి. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"తెలీదమ్మా."

"నాకేం తెలుసు" అంది ఆవిడ, ఎవరూ అడగకుండానే.

*

డాక్టరమ్మ గుండీని బల్ల మీద పెట్టనివ్వలేదు. తలుపు దగ్గరే మమ్మల్ని ఆపి, దూరం నుంచి ఒక చూపు చూసి, లోపలికి వెళ్లి మోచేతుల దాకా వచ్చే తోలు తొడుగులు వేసుకుని వచ్చింది. మా చేతుల్లోంచి బుట్టతో సహా తీసుకుని వెనక గదిలో పెట్టి గడియ వేసింది. తిరిగొచ్చి అడిగిన మొదటి ప్రశ్న ఇది:

"దీని నోట్లో ఎవరెవరు చెయ్యి పెట్టారు?"

"మేమిద్దరం. రోజూ. మీరే కదండీ అలవాటు చేయమన్నారు" అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. "అవును. నేనే చెప్పాను."

తర్వాత మా ఆయన్ని తల్లికుక్క గురించి అడిగింది. అతను తడబడుతూ చెప్పాడు. ఎక్కడిదో కొత్త కుక్క ఒకటి అడితిలో దూరి తల్లిని కరిచిందట. కాపలాదారు కర్రతో తరిమాడట. తల్లి ఆ తర్వాత కొన్నాళ్లకు కనపడకుండా పోయింది. "పిల్లల్ని ఏమీ చేయలేదన్నాడండీ."

"చెవి వెనక గీత ఉందిగా" అంది ఆవిడ. ఎవరినీ నిందించినట్టు లేదు. తనకు తాను చెప్పుకున్నట్టుంది.

"ఇది బతకదు. ఇవాళో రేపో. ఆ సంగతి వదిలేయండి. మీ సంగతి వినండి. మనిషికి ఈ జబ్బు బయటపడితే మందు లేదు, ఎక్కడా లేదు. బయటపడక ముందు సూదులు వేయించుకుంటే రాదు. ఇక్కడే సబ్బుతో చేతులు కడుక్కోండి, బాగా, చాలాసేపు. ఇటునుంచి ఇటే ఆసుపత్రికి వెళ్లండి. ఇంట్లో ఇంకెవరున్నారు?"

"మా అమ్మ. ఆవిడ దాన్ని ముట్టదండీ."

"అడగండి. కాదంటే మళ్లీ అడగండి."

ఆసుపత్రిలో కుక్కకాటు గది ముందు బెంచీ మీద అతను చొక్కా చేతులు, నేను జాకెట్టు చేతులు పైకి మడుచుకుని కూర్చున్నాం. మా ఆయన నా చెవిలో, "కొత్త పెళ్లాన్ని ఎక్కడికీ తీసుకెళ్లలేదని మీ అక్క దెప్పింది కదా. ఇదిగో" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే ఏడుపు వచ్చింది. నర్సు బయటికి వచ్చి, "ఏ కుక్క కరిచింది?" అని అడిగితే, "మా గుండీ అండీ" అన్నాను. ఆవిడకేమీ అర్థం కాలేదు. నా వేళ్ల మీద దాని పళ్లు గీరిన ఎర్రటి గీతలున్న చోటల్లా మందు ఎక్కించారు. ఆ నొప్పికి నాకు కళ్లు బైర్లు కమ్మాయి. తనకు సూది పొడుస్తుంటే మా ఆయన మాత్రం గోడవైపు తిరిగి, నా కొంగు నోట్లో కుక్కుకున్నాడు.

*

"నాకెందుకురా? నేను దాన్ని ముట్టనని చెప్పానా లేదా?"

"చెప్పావమ్మా. కానీ ఎప్పుడైనా నాకిందేమో, నువ్వు చూసుకోకుండా..."

"లేదన్నానుగా."

"మరి ఆ వేళ్లకు కట్లేంటి?"

"సూదులు. నువ్వు పుట్టకముందు నుంచీ ఉన్నాయి. వాటికి కూడా డాక్టరు దగ్గరికి వెళ్లాలా?"

మా ఆయన తల పట్టుకుని కూర్చున్నాడు. నేను బతిమాలాను. ముట్టినా ముట్టకపోయినా వేయించుకుంటే నష్టం లేదన్నాను. ఆవిడ నీలం గుడ్డ మిషను పాదం కింద పెట్టి చక్రం తిప్పబోయి ఆగింది.

"ఉందా ఇంకా?"

"ఉంది. డాక్టరమ్మ దగ్గర."

"దవడ సరిచేశారా?"

"సరిచేసేది కాదమ్మా అది."

ఆవిడ చక్రం తిప్పింది. మిషను నడిచింది. కుట్టు వంకర పోతే విప్పింది. మళ్లీ కుట్టింది, మళ్లీ విప్పింది. ఆ ఇంట్లో ఆవిడ కుట్టు వంకరపోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

గుండీ మరునాడు పోయింది. డాక్టరమ్మ కబురు చేసింది. పరీక్షకు పంపాననీ, సాయంత్రానికల్లా ఫలితం రావచ్చనీ, రాగానే ఫోను చేస్తాననీ, దాని చొంగ తగిలిన వస్తువులన్నీ బ్లీచింగు నీళ్లలో నానబెట్టమనీ చెప్పింది. ఆ రోజంతా మా ఆయన అడితికి వెళ్లి, మిగతా పిల్లల్ని ఎవరెవరు తీసుకుపోయారో వాళ్లందరి ఇళ్లకూ తిరిగాడు. నేను పెరట్లో బకెట్టు పెట్టి దాని గిన్నె, దాని తాడు, పరుచుకున్న గోనెపట్టా, నా రబ్బరు బ్రష్షు అన్నీ ఒక్కొక్కటే ముంచాను. ఆరేసిన బట్టలు తీసుకుందామని పక్కకు తిరిగి వచ్చేసరికి, బకెట్టు దగ్గర నుంచి అత్తయ్య గబగబా లోపలికి వెళ్తోంది.

నీళ్ల మీద చిన్న చిన్న గుడ్డముక్కలు తేలుతున్నాయి. కర్రతో పైకి తీశాను.

వేలి తొడుగులు. ఒక్క వేలికి పట్టేవి. మొదటిది పలుచని లంగా గుడ్డతో కుట్టింది, కొస దగ్గర రెండు కంతలు. రెండోది రెండు పొరలు వేసి కుట్టింది, దానికీ కంత. మూడోది తువ్వాలు గుడ్డతో, పళ్లను రుద్దడానికి వీలుగా గరుకు వైపు పైకి తిప్పి, అంచు చుట్టూ కాజా కుట్టు వేసి ఉంది. మణికట్టుకు కట్టుకోవడానికి నీలం పట్టీ కూడా ఉంది. యూనిఫారం గుడ్డ. మాంసం పేస్టు వాసన ఇంకా పోలేదు.

నేను దుకాణానికి పోగానే ఆ ఇంట్లో మధ్యాహ్నాలు ఎలా గడిచేవో నాకు కనపడింది. నీలం గుడ్డల మధ్య ఆవిడ, ఆవిడ ఎదురుగా తల వంచి కూర్చున్న గుండీ. నా చేతివాసి అని నేను ఊరంతా చాటిన పని. ఒక్క క్షణం ఎంత ముచ్చటేసిందో! వెంటనే ఆ కంతలు చూశాను. గుండీ పళ్లు దిగిన కంతలవి.

మా ఆయన వచ్చాక చెప్పాను. అతను విసురుగా లేవబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. అరిస్తే ఆవిడ ఇంకా బిగుసుకుపోతుంది. మూడో తొడుగును కర్ర కొనకు తగిలించుకుని వెళ్లి మిషను పక్కన కూర్చున్నాను.

"అత్తయ్యా, దీనికి కొలత ఎవరి వేలిది తీసుకున్నారు?"

ఆవిడ చూడలేదు.

"నా వేలికి పట్టదు. మీ అబ్బాయి వేలికి అసలే పట్టదు."

మిషను నడుస్తూనే ఉంది. సూది కింద గుడ్డ లేదు.

అప్పుడే వసారాలో మా ఆయన ఫోను మోగింది. "ఆ... చెప్పండి డాక్టరమ్మా... అదేనా? ఖాయంగా అదేనా?" అతని గొంతు లోపలిదాకా వినపడింది. తర్వాత అతను గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "ఆ జబ్బేనటమ్మా. పరీక్షలో తేలింది."

అత్తయ్య అరచేత్తో చక్రం ఆపింది.

"దవడ పడిపోయింది దానివల్లేనా?"

"దానివల్లే. నరాలు చచ్చుబడతాయట. అందుకే మూయలేకపోయింది, మింగలేకపోయింది."

"సరిగ్గా అడిగావా? ఎవరైనా పట్టి లాగినా అలా అవుతుందేమో..."

"లేదమ్మా. అడిగాను. జబ్బు వల్లే."

ఆవిడ నా వైపు తిరిగింది. అద్దాలు తీసేసింది. "ఆవేళ మధ్యాహ్నం నోరు తెరవనంది అమ్మాయ్. రోజూ తెరిచేదే. మొండికేసిందనుకుని రెండు చేతులతో పట్టి తెరిచాను. ఏదో టక్కుమన్నట్టు అనిపించింది. తెల్లారి చూస్తే వేలాడుతోంది. పసిదాని దవడ ఊడగొట్టానే అనుకున్నా. ఎవరితో చెప్పను? ముట్టనన్న నోటితో ఏమని చెప్పను?"

నేను కర్రనూ తొడుగునూ నేల మీద పెట్టాను.

"హమ్మయ్య" అంది అత్తయ్య. నిజంగానే గుండెల మీంచి బరువు దిగినట్టు, గట్టిగా ఊపిరి వదిలి. "నా చేతుల వల్ల కాదన్నమాట."

మా ఆయన గుమ్మానికి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. తల్లి మొహంలోని ఆ తేలిక చూసి అతనికి ఏడుపు ఆగలేదు.

నేను లేచి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఒకే ఇంట్లో ఉంటూ కూడా అంతకుముందు ఆవిడ చెయ్యి నేను పట్టుకోలేదు. పీలికలు విప్పాను. వేళ్ల నిండా సూదిపోట్లు, ఎండినవి, నల్లబడ్డవి. చూపుడువేలు గోటి పక్కన రెండు గుంటలు మాత్రం వేరుగా ఉన్నాయి, చుట్టూ వాచి ఉన్నాయి.

"ఇవి సూదివి కావు" అంది తనే.

మా ఆయన కళ్లు తుడుచుకుని ఆసుపత్రికి ఫోను చేశాడు. ఆ గది మళ్లీ పొద్దున్నే తెరుస్తారట. ఆలస్యం చేయకుండా తెరవగానే రమ్మన్నారు, ఈలోపు చేతులు కడగమన్నారు. "ఇన్నాళ్లయింది కదా, సరిపోతుందా?" అని అతను అడిగాడు. అవతలి జవాబు ఏమిటో మాకు చెప్పలేదు.

పెరట్లో కుళాయి కింద ఆవిడ చేతులు పెట్టాను. సబ్బు రాసి, కడిగి, మళ్లీ రాశాను. చీకటి పడుతోంది. నీళ్లు వేడిగా ఉన్నాయి.

"చాల్లే అమ్మాయ్, చర్మం ఊడొస్తుంది."

"ఇంకాస్త అత్తయ్యా."

ఆవిడ చేతులు వెనక్కి లాక్కోలేదు. నా భుజానికి ఆనుకుని నిలబడింది. ఆవిడ బరువు అంత తక్కువని నాకు తెలియదు.

"రేపు స్కూలు వాళ్లు బట్టలకు వస్తారు. రానీ. తాళం చూసి పోతారు" అంది. "ముగ్గురం కలిసి వెళ్దాం. వాళ్లు తలుపు తీసేసరికి మనం గుమ్మంలో ఉండాలి. నా పక్కన నువ్వు కూర్చో, వాణ్ణి బయటే ఉంచు. సూది చూస్తే వాడు పడిపోతాడు, ఇక వాణ్ణి మోసుకురావాలి."